చైనా వారి కేశ రసాయనం: హె షౌ వు దుంపను వాడవచ్చునా?

తల నెరవడం వ్యాధి కాదని వైద్యులు ఎంత చెప్పినా, తొలి తెల్ల వెంట్రుక అద్దంలో కనిపించిన నాడు మనసు చివుక్కుమననివారు అరుదు. ఆయుర్వేదం దీనిని పాలిత్యమని పేర్కొన్నది. గుంటగలగర, ఉసిరిక, నీలి మొదలైన మూలికలతో తైలాలను, చూర్ణాలను మన పెద్దలు చెప్పి ఉన్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు, ఇవి చాలక ఇటీవల మన ఇళ్లలోకి చైనా దేశపు దుంప ఒకటి ప్రవేశించింది. విదేశాలలో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులకు పంపే డబ్బాలలో అది గోళీల రూపంలో వస్తున్నది. చైనీయులు దానిని హె షౌ వు అంటారు. అమెరికా దుకాణాలలో దానికి ఫో-టి అని పేరు.

"ఇది వాడవచ్చునా?" అని అడిగేవారు నాకు తరచుగా తారసపడుతున్నారు. ఈ ప్రశ్నకు నేను ఒకసారి తప్పు సమాధానం చెప్పి ఉన్నాను. ఆ తప్పు ఏమిటో, దానివలన ఏమి జరిగిందో దాచకుండా ఈ వ్యాసంలోనే విన్నవిస్తాను. అంతకుముందు ఆ దుంప సంగతి సందర్భాలను పాఠకులు నిష్పక్షపాతంగా తెలుసుకోవడం అవసరం. ఒక మూలికను గుడ్డిగా నమ్మడమూ, గుడ్డిగా దూషించడమూ రెండూ వైద్యానికి తగినవి కావు.

దుంప పుట్టుపూర్వోత్తరాలు

హె షౌ వు ఒక తీగ. వృక్షశాస్త్రంలో దీనిని పాలీగోనమ్ మల్టీఫ్లోరమ్ అని వ్యవహరిస్తారు. మన వైద్యులకు చిరపరిచితమైన రేవల్చిని కూడా ఈ కుటుంబానికి చెందినదే. హృదయాకారపు ఆకులతో అల్లుకునే ఈ తీగకు భూమిలో ఎర్రని గోధుమరంగు దుంపలు ఊరుతాయి. దుంపను అడ్డంగా కోస్తే లోపల మబ్బుతునకల వంటి చారలు కనిపిస్తాయి. చైనాలో దుంపను గుర్తుపట్టడానికి ఈ చారలే ఆనవాలు. తీగ కాండాన్ని సైతం వదలక, నిద్రపట్టనివారికి కషాయంగా ఇస్తారు.

ఈ పేరు వెనుక ఒక కథ కలదు. "హె" అనేది ఇంటిపేరు. "షౌ" అంటే తల. "వు" అంటే నలుపు. హె వంశీయుడొకడు బలహీనుడై, యాభై ఎనిమిదేళ్లు వచ్చినా పెళ్లి లేక ఉండేవాడట. ఒకనాటి రాత్రి మద్యం మత్తులో బయలులో పడి ఉండగా, వేర్వేరుగా ఉన్న రెండు తీగలు ఒకదానినొకటి పెనవేసుకోవడం చూశాడట. ఆశ్చర్యపడి ఆ దుంపను తవ్వి తెచ్చి, చూర్ణం చేసి తిన్నాడు. ఆరోగ్యం వచ్చింది, జుట్టు నల్లబడింది, సంతానం కలిగింది. అతని మనుమడు నూట ముప్పై ఏళ్లు నల్లని జుట్టుతోనే జీవించాడని ప్రతీతి. ఈ కథను తాంగ్ వంశకాలంలో, అనగా 9వ శతాబ్దంలో, లీ ఆవ్ అనే రచయిత గ్రంథస్థం చేశాడు. 1596లో అచ్చయిన లీ షిజెన్ ఔషధ మహాగ్రంథం కూడా దీనిని ప్రస్తావించింది. మింగ్ వంశపు జియాజింగ్ చక్రవర్తికి ఈ దుంప ప్రధానంగా గల "సప్తరత్న" గుళికను ఒకరు సమర్పించగా, ఆయనకు వారసులు కలిగారని అందులోనే ఉన్నది.

చ్యవన మహర్షి ముసలితనం పోగొట్టుకుని యౌవనం పొందిన వృత్తాంతం విని పెరిగిన మనకు ఈ కథ వింతగా తోచదు. రసాయనం అనగానే ప్రతి జాతీ ఇటువంటి కథ ఒకటి చెప్పుకున్నది. కథను కథగా గౌరవిద్దాం. కాని కథ మోతాదు చెప్పదు. ఎవరికి సరిపడదో అసలే చెప్పదు.

పచ్చి దుంప వేరు, వండిన దుంప వేరు

చైనా వైద్యులను మెచ్చుకోవలసిన విషయం ఒకటున్నది. వారు ఈ దుంపను రెండు ఔషధాలుగా పరిగణిస్తారు. శుద్ధి చేయని దుంప విరేచనకారి. గడ్డలకు, మలబద్ధకానికి వాడతారు. నల్ల సోయా గింజల రసంలో ఉడికించి, నలుపు తిరిగేవరకు ఆవిరి పట్టి ఎండించిన దుంపనే బలానికి, జుట్టుకు, రక్తవృద్ధికి వాడతారు. నూరు కిలోల దుంపకు పది కిలోల నల్ల గింజలు వాడవలెనని వారి అధికారిక ఔషధకోశం నిర్దేశించింది. తొమ్మిదిసార్లు ఆవిరి పట్టి, తొమ్మిదిసార్లు ఎండించే పద్ధతి కూడా పూర్వం నుంచి ఉన్నది. ఇనుప పాత్ర తగలనీయరాదని పాతకాలపు నియమం.

మన శోధన సంస్కారానికి ఇది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. నల్లజీడినే తీసుకోండి. చాకలి వారు బట్టలకు చెరగని గుర్తులు పెట్టేది ఆ గింజ రసంతోనే. అది చర్మానికి తగిలితే కొందరికి ఒళ్లంతా పొక్కులు లేస్తాయి. అయినా చరకుని రసాయన ప్రకరణంలో భల్లాతకానికి గౌరవస్థానం కలదు. శుద్ధి చేయకుండా దానిని ఏ వైద్యుడూ ముట్టడు. శుద్ధి చేసినా, ఇచ్చేముందు మనిషిని చూస్తాడు, ఋతువును చూస్తాడు, ఏమి తింటున్నాడో అడుగుతాడు.

గోళీల డబ్బాలో పోయినది ఈ చూపే. చాలా డబ్బాలపై ఉన్న దుంప పచ్చిదో, వండినదో కూడా సామాన్యునికి తెలిసేలా ముద్రించడం లేదు. కొన్నింటిలో ఉన్నది చూర్ణం కాదు, గాఢంగా తీసిన సత్తు. ఎన్ని గ్రాముల దుంపకు అది సమానమో లెక్క కట్టడం కొనేవాని తరం కాదు.

గుణాలు ఎంతవరకు నిజం?

ఈ దుంపలో ముఖ్యంగా రెండు తరగతుల పదార్థాలున్నాయి. ఒకటి స్టిల్బీన్ గ్లైకోసైడ్. రెండవది ఎమోడిన్ వంటి ఆంత్రాక్వినోన్లు. ఈ రెండవ తరగతివే రేవల్చినిలోను, సునాముఖి ఆకులోను ఉండి విరేచనం చేయిస్తాయి. కనుక పచ్చి దుంప మలబద్ధకాన్ని పోగొడుతుందనడంలో సందేహం లేదు. ఉడికించడం వలన విరేచన గుణం తగ్గడం కూడా శాస్త్ర సమ్మతమే.

జుట్టు సంగతి వేరు. ప్రయోగశాలలో ఎలుకలపైన, కణాలపైన జరిపిన పరీక్షలలో ఆశాజనకమైన ఫలితాలు వచ్చినట్లు అనేక పత్రాలు వెలువడ్డాయి. మనుషులలో నెరిసిన జుట్టు తిరిగి నల్లబడుతుందని నిరూపించే గట్టి పరీక్షలు మాత్రం లేవు. ఎలుక బొచ్చుకూ, అరవై ఏళ్ల మనిషి తలకూ మధ్య ఎంతో దూరం ఉన్నది. కొలెస్టరాల్ తగ్గుతుందని, జ్ఞాపకశక్తి పెరుగుతుందని డబ్బాల మీద వ్రాసే మాటలకూ ఇదే వర్తిస్తుంది.

అనగా లాభం అనుమానం. ఇక నష్టం ఏమిటో చూద్దాం.

కాలేయం చెప్పిన సాక్ష్యం

ఈ దుంపతో చేసిన మాత్రలు వాడినవారికి కాలేయశోథ వచ్చిన ఉదంతం 1996లోనే వైద్య పత్రికలకెక్కింది. ఆ తరువాత చైనాలోను, ఇతర దేశాలలోను అటువంటివి వరుసగా బయటపడ్డాయి. 2006లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ ప్రజలను హెచ్చరించింది. ఆస్ట్రేలియాలో ఈ దుంప గల మందులపై, కొందరిలో కాలేయానికి హాని చేయవచ్చునన్న మాట ముద్రించవలెనని నిబంధన పెట్టారు.

"ఇదంతా పాశ్చాత్యులు మన ప్రాచీన వైద్యాలపై కక్షతో చేసే ప్రచారం" అనేవారు ఇక్కడ ఒక విషయం గమనించాలి. 2014లో చైనా ప్రభుత్వ ఔషధ సంస్థే ఈ హెచ్చరిక చేసింది. ఆ దుంపను వందల సంవత్సరాలుగా పండించి, వండి, వాడిన దేశమే, ఆరోగ్య ఆహారాలలో పచ్చి దుంప రోజుకు 1.5 గ్రాములు, శుద్ధి చేసినది 3 గ్రాములు మించరాదని పరిమితి విధించింది. వారి ఔషధకోశం వైద్యులకు అనుమతించిన మోతాదు పచ్చిదానికి 3 నుంచి 6 గ్రాములు, శుద్ధమైనదానికి 6 నుంచి 12 గ్రాములు. వైద్యుని కనుసన్నలలో ఇచ్చే మోతాదు ఒకటి, జనం తమంతట తాము కొని తినేది ఒకటి అని వారు వేరు చేశారు. కాలేయం సరిగా లేనివారు, కాలేయ రోగ చరిత్ర గల కుటుంబాలవారు ఆ ఆహారాలు తినరాదని డబ్బాపై వ్రాయించారు. సొంత సంప్రదాయాన్ని ప్రేమించే పద్ధతి అది.

హాని లక్షణాలు మనకు తెలిసిన కామెర్లవే. ఆకలి మందగించడం, నీరసం, వికారం, మూత్రం ముదురు రంగుకు తిరగడం, కళ్లు పచ్చబడడం. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకో, కొన్ని నెలలకో ఇవి కనిపిస్తాయి. ఎక్కువమంది మందు మానగానే క్రమంగా కోలుకుంటారు. కొద్దిమందిలో మాత్రం కాలేయం పూర్తిగా దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చింది. ఒకసారి కోలుకున్నవారు మళ్లీ అదే మందు తీసుకుని మళ్లీ జబ్బుపడిన ఉదంతాలున్నాయి. దోషి దుంపే అని నమ్మడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అరుదు.

ఇందులో మరొక మర్మం ఉన్నది. ఈ హాని అందరికీ రాదు. వేలమంది తిని నిక్షేపంగా ఉంటారు. ఒకరికి వస్తుంది. 2019లో చైనా పరిశోధకులు ఈ హాని పొందినవారిలో హెచ్.ఎల్.ఎ.-బి 35:01 అనే జన్యు లక్షణం ఎక్కువగా ఉన్నట్లు ప్రకటించారు. పుట్టుకతో వచ్చిన ఆ లక్షణం ఉన్నవాని శరీరం ఈ దుంపను శత్రువుగా భావించి ఎదురు తిరుగుతుందని ఊహ. ప్రకృతిని బట్టి ఔషధం అనే మన సిద్ధాంతానికి ఇది విరుద్ధం కాదు సరికదా, దానిని సమర్థిస్తున్నది. పక్కింటివారికి పడినది నాకూ పడుతుందనే లెక్క ఇక్కడ చెల్లదు. శుద్ధి చేసిన దుంపతో కూడా హాని జరిగిన కేసులున్నాయి గనుక, శుద్ధి ముప్పును తగ్గించగలదే గాని తుడిచిపెట్టలేదు.

నేను చేసిన పొరపాటు

మా ఊరిలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయిని ఒకరున్నారు. నా వద్దకు మోకాళ్ల నొప్పులకు తైలం కోసం వస్తుంటారు. ఒకనాడు చేతిసంచిలోనుంచి డబ్బా తీసి, "మా అబ్బాయి అమెరికా నుంచి పంపాడండీ. జుట్టు నల్లబడుతుందట. వేసుకోమంటారా?" అని అడిగారు. నేను డబ్బాను తిప్పి చూశాను. చైనా మూలిక అని మాత్రం అర్థమైంది. గది నిండా రోగులున్నారు. "మూలికే కదమ్మా, ఏమీ చేయదు. వేసుకోండి" అన్నాను.

ఆరు వారాల తరువాత ఆమె మళ్లీ వచ్చారు. కళ్లు పచ్చగా ఉన్నాయి. "కామెర్లు వచ్చినట్లున్నాయి వైద్యులుగారూ, నేల ఉసిరి పసరు పోయండి" అన్నారు. వేరే మందులేమైనా వాడుతున్నారా అంటే, లేదన్నారు. రెండుమూడు సార్లు గుచ్చి అడిగాను. "మందులు ఏమీ లేవండీ. మీరు వేసుకోమన్న ఆ జుట్టు గోళీలు తప్ప" అన్నారు. ఆమె దృష్టిలో అది మందు కాదు. ఆ మాట ఆమెకు నేర్పినది నేనే.

ఆ క్షణాన నాకు తోచిన రెండు దారులూ చెబుతాను. పసరు పోసి పంపడం సులభం. ఆమెకు నామీద నమ్మకం చెక్కుచెదరదు. గోళీలు ఎలాగూ కొనసాగుతాయి. రెండవ దారి నా తప్పు ఒప్పుకోవడం. నేను రెండవదే ఎంచుకున్నాను. గోళీలు ఆపించి, డబ్బాతో సహా ఆమెను ఆసుపత్రికి పంపాను. పరీక్షలలో బిలిరుబిన్, ఎస్.జి.పి.టి. బాగా పెరిగి ఉన్నాయి. సాధారణంగా కామెర్లు కలిగించే వైరస్‌లు ఏవీ కనబడలేదు. రెండున్నర నెలలకు అంకెలు మామూలు స్థితికి వచ్చాయి. ఆ దుంపే కారణమని నూటికి నూరుపాళ్లు ఎవరూ చెప్పలేరు. కాని పసరు పోసి గోళీలు సాగనిచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

"మూలికే కదా" అన్న మాటను ఆనాటి నుంచి నేను మానుకున్నాను. వైద్యుడు ఆడదగిన మాట అది కాదు. తీక్ష్ణమైన విషమైనా యుక్తితో ఔషధమవుతుందనీ, యుక్తి తప్పితే ఔషధమే విషమవుతుందనీ చరకుడు ఏనాడో హెచ్చరించాడు. మూలికలకు శక్తి ఉన్నదని చాటుకుంటూనే, హాని చేసేటంత శక్తి మాత్రం లేదనడం తర్కానికి నిలవదు.

మన ఇంటి మూలికల మాటేమిటి?

పరాయి దుంపను నిలదీసి మన మూలికలను వదిలిపెడితే అది న్యాయం అనిపించుకోదు. కరోనా కాలంలో రోగనిరోధక శక్తి కోసం తిప్పతీగను ఇంటింటా కాచి తాగారు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయానికి కలిగిన హానిని ఒక పత్రంలో వివరించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానితో ఏకీభవించలేదు. అదే జాతికి చెందిన వేరొక తీగను పొరబాటున వాడి ఉండవచ్చునని వాదించింది. మరుసటి ఏడు దేశంలోని పలు ఆసుపత్రుల వైద్యులు కలిసి మరికొన్ని ఉదంతాలను ప్రకటించారు. అశ్వగంధ విషయంలోనూ కాలేయ హాని నివేదికలు కొన్ని దేశాల నుంచి వచ్చాయి. 2023లో డెన్మార్క్ దానిని నిషేధించింది.

ఈ నిషేధం అతిగా ఉన్నదని నా అభిప్రాయం. తిప్పతీగను, అశ్వగంధను నేను నేటికీ వాడుతున్నాను. అయితే ఈ నివేదికలను కుట్ర అని కొట్టివేయడానికి నా మనసు ఒప్పుకోదు. తప్పు తీగ కోసి ఉంటే, తీగను గుర్తుపట్టడం నేర్పవలసిన బాధ్యత ఎవరిది? మనదే. రోజుల తరబడి తాగి ఉంటే, ఎన్నాళ్లు తాగాలో చెప్పవలసినవారెవరు? మనమే. చైనా వారు తమ దుంపకు గీసిన గీతను మనం మన మూలికలకు గీయలేమా? ఆయుర్వేద ఔషధాల వలన కలిగిన హానిని నమోదు చేయడానికి ప్రభుత్వం వ్యవస్థను ఏర్పరచింది. దానికి ఉత్తరం వ్రాసే వైద్యులు మాలో ఎందరో గుండెపై చెయ్యి వేసుకుని చెప్పుకోవాలి. హానిని నమోదు చేసిన వైద్యుడు ఆయుర్వేదానికి ద్రోహి కాడు. దాచినవాడే ద్రోహి.

పాఠకులకు నా సలహా

హె షౌ వు విషయంలో నా అభిప్రాయం స్పష్టం. జుట్టు కోసం దీనిని సొంతంగా వాడకండి. లాభం రుజువు కాలేదు. నష్టం అరుదైనా, వచ్చినప్పుడు ప్రాణాపాయకరం కావచ్చు. తెల్ల వెంట్రుకకు కాలేయాన్ని పణంగా పెట్టడం తగదు. గతంలో కామెర్లు వచ్చినవారు, మద్యం అలవాటున్నవారు, కాలేయంపై భారం వేసే క్షయ మందులు, మూర్ఛ మందులు వంటివి వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి అసలు పోరాదు.

ఇప్పటికే వాడుతున్నవారు వెంటనే ఆపి, వైద్యుని సలహాతో ఒకసారి కాలేయ పరీక్ష చేయించుకోవడం మంచిది. పైన చెప్పిన లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా పసర్ల కోసం తిరగకుండా ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ డబ్బాను తప్పక చేతపట్టుకుని వెళ్లండి.

చిన్న వయసులో జుట్టు నెరుస్తుంటే ముందు కారణం వెదకండి. వంశపారంపర్యమైతే ఏ దుంపా దానిని తిప్పలేదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ దోషం వంటివి కారణమైతే వాటిని సరిచేసుకోవచ్చు. గుంటగలగర ఆకు రసంతో కాచిన నూనె తలకు రాసుకుంటే మాడుకు చలువ, జుట్టుకు మెరుపు. ఉసిరికాయ ఆహారంలో ఉంటే మేలే. ఇవి తెల్లజుట్టును నల్లగా మార్చుతాయని మాత్రం నేను చెప్పను.

విదేశాలలో ఉన్న పిల్లలకు ఒక్క మాట. అమ్మానాన్నలకు డబ్బాలు పంపే ముందు, వారు రోజూ ఏయే మందులు మింగుతున్నారో ఫోనులో అడిగి వ్రాసుకోండి. నా వంటి వైద్యులకు మరొక మాట. గది నిండా రోగులున్నా సరే, డబ్బా మీది పేరు అర్థం కానప్పుడు "నాకు తెలియదమ్మా, తెలుసుకుని చెబుతాను, అంతవరకు వేసుకోకండి" అనండి. ఆ ఉపాధ్యాయినికి నేను చెప్పవలసి ఉండిన మాట అదే. ఆమె ఇప్పుడు తెల్లజుట్టుతోనే, ఆరోగ్యంగా, మోకాళ్ల తైలం కోసం నా వద్దకు వస్తున్నారు. వచ్చిన ప్రతిసారీ తాను తీసుకుంటున్న మందులన్నింటినీ ఒక కాగితం మీద వ్రాసి తెస్తున్నారు.